అమ్మ, అమ్మమ్మ, నాయనమ్మ: ఒక మనిషి జీవితాన్ని పుస్తకంగా కూర్చడం

పెద్దావిడ పోయిన ఇంట్లో మొదటి నెల రోజులు అందరూ ఆమె గురించే మాట్లాడుకుంటారు. ఆ మాటల్లో కనిపించిన మనిషి, ఏడాది తర్వాత అచ్చయ్యే స్మృతి పుస్తకంలో చాలాసార్లు కనిపించదు. అక్కడ 'ప్రేమమూర్తి', 'త్యాగశీలి', 'ఓర్పుకు మారుపేరు' అన్న మాటలు మాత్రమే మిగులుతాయి. పేరు మారిస్తే అవి ఏ ఇంటి తల్లికైనా సరిపోతాయి. రాసినవాళ్లకు ప్రేమ తక్కువై ఇలా జరగదు. సేకరణ లేకుండా నేరుగా రాయడానికి కూర్చుంటే జరుగుతుంది. ఈ పనిలో రాత చివర వచ్చేది. ఏది ముందు చేజారిపోతుందో దాన్ని ముందు పట్టుకోవాలి: మొదట ఆమె ఫోను, వెంటనే ఆమెను చిన్నతనం నుంచి ఎరిగిన పెద్దవాళ్ల జ్ఞాపకం, తర్వాత ఫొటోలు, కాగితాలు.

ఫోను చెరిపెయ్యకండి, నంబరు ఆపకండి

మొదటి వారాల్లో తెలియక చేసే పెద్ద నష్టం ఇదే. సిమ్ రద్దు చేయిస్తే ఆమె ఈమెయిల్‌కు, బ్యాంకు ఖాతాకు రావలసిన ఓటీపీలు ఆగిపోతాయి. కొంతకాలానికి ఆ నంబరు ఎవరికో కొత్తగా ఇచ్చేస్తారు. వాట్సాప్ ఖాతాను 120 రోజులు ఎవరూ తెరవకపోతే మామూలుగా అది తొలగిపోతుంది. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాను తొలగించే విధానం గూగుల్‌కీ ఉంది. అందుకే కనీసం ఆరు నెలలు నంబరును రీఛార్జ్ చేస్తూ, ఫోనును ఛార్జింగ్‌లో ఉంచుతూ రండి. ఫోనును ఎవరు తెరవాలి, ఏం చూడాలి, ఏది చదవకుండా వదిలెయ్యాలి అన్నది పిల్లలందరూ కలిసి ముందే అనుకోవాలి. అందులో ఆమె మాటలే కాదు, ఆమెను నమ్మి చెప్పుకున్నవాళ్ల మాటలూ ఉంటాయి.

కాపీ తీసేటప్పుడు ఫోనును కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి ఫొటోలు, వీడియోలు, రికార్డింగుల ఫోల్డర్లను మొత్తంగా దించండి. వాట్సాప్‌లో పంపించి దించుకుంటే ఫొటో నాణ్యత పడిపోతుంది. తప్పనిసరై పంపాలంటే 'డాక్యుమెంట్'గా పంపండి. ముఖ్యమైన చాట్లను ఒక్కొక్కటిగా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి.

అన్నిటికంటే విలువైనవి వాయిస్ మెసేజ్‌లు. అవి ఆమె ఫోనులోనే కాదు, ఆమె ఎవరికి పంపిందో వాళ్ల ఫోనుల్లోనూ ఉంటాయి. కూతుళ్లు, కొడుకులు, మనవలు, అక్కచెల్లెళ్లు అందరినీ వెతకమని అడగండి. వాళ్లు ఫోను మార్చేలోపే అడగాలి. ఆ ఫైళ్లు ఓపస్ రకంలో వస్తాయి. అసలు ఫైలును అలాగే ఉంచి, వినడానికి వేరుగా ఎంపీ3 కాపీ చేసుకోండి. 'చేరగానే ఒక్క ఫోన్ కొట్టు, మర్చిపోకు' అన్న పది సెకన్ల మాటను ఇందులో ఏముంది అని తీసెయ్యకండి. పదేళ్ల తర్వాత ఇంటిల్లిపాదీ మళ్లీ మళ్లీ వినేది దాన్నే.

ఎవరిని అడగాలి, ఏమని అడగాలి

అమ్మ గురించి పిల్లలకే ఎక్కువ తెలుసు అనుకోవడం సహజం. కానీ పిల్లలకు తెలిసినది తల్లయ్యాక ఉన్న మనిషి మాత్రమే. పెద్దయ్యాక చాలామందికి మూడు, మూడున్నరేళ్ల వయసుకు ముందరివి ఏవీ గుర్తుండవు. అంటే పెద్దకొడుకు చెప్పగలిగే అమ్మ కథ, ఆమె జీవితంలో మొదటి పాతిక, ముప్పై ఏళ్లు గడిచిపోయాకే మొదలవుతుంది. ఆ ముందు కాలం ఆమె తోబుట్టువుల దగ్గర, బడిలో పక్కన కూర్చున్న స్నేహితురాలి దగ్గర, పాత ఇరుగుపొరుగు దగ్గర, ఉద్యోగం చేసి ఉంటే తోటివాళ్ల దగ్గర ఉంటుంది. వాళ్లలో వయసులో అందరికంటే పెద్దవాళ్ల దగ్గరికి మొదట వెళ్లండి. పిల్లలది వచ్చే ఏడాది అడిగినా దొరుకుతుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ఆరేడేళ్లలోపు మనవలను మాత్రం వెంటనే అడగాలి. పసివాళ్లు పెరిగేకొద్దీ వాళ్ల జ్ఞాపకం చెరిగిపోతుంది, దాని చోట పెద్దవాళ్లు చెప్పిన కథ వచ్చి కూర్చుంటుంది. వాళ్లను 'అమ్మమ్మ అంటే నీకెందుకిష్టం?' అని అడిగితే నేర్పిన జవాబే వస్తుంది. ఆమె కళ్లజోడో, చేతిసంచో చేతికిచ్చి 'ఇందులో ఏం పెట్టుకునేది?' అని అడగండి. బొమ్మ గీయమనండి. గీస్తూ చెప్పే మాటలు రికార్డు చేయండి.

పెద్దవాళ్లను ఒక్కొక్కరినే కూర్చోబెట్టండి. అందరూ కలిసి కూర్చుంటే గొంతు పెద్దదైనవాళ్ల కథే మిగతావాళ్ల కథ అవుతుంది. కొత్త సంగతి చెప్పబోయిన చెల్లెలు 'అక్క చెప్పింది కదా' అని ఆగిపోతుంది. విడివిడిగా విన్నాక, రెండోసారి ఇద్దరిని కలిపి కూర్చోబెడితే మంచిది. అప్పుడు ఒకరి మాటను ఇంకొకరు అందుకుంటారు.

రికార్డింగుకు మంచి ఫోను చాలు. దాన్ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద, మాట్లాడేవాళ్లకు జానెడు నుంచి మూరెడు దూరంలో ఉంచండి. ఉత్త బల్ల మీద పెడితే చెయ్యి తగిలిన ప్రతిసారీ పెద్ద చప్పుడు రికార్డవుతుంది. ఫ్యాను కట్టెయ్యండి, కట్టలేకపోతే దాని కింద నుంచి పక్కకు జరగండి. ఉత్త గోడల గదిలో మాట మోగుతుంది. పరుపు, పరదాలు ఉన్న గది నయం. ముందు ఒక నిమిషం రికార్డు చేసి విని చూడండి. ఈ ఒక్క నిమిషం బద్ధకించడం వల్ల గంటల కొద్దీ మాటలు పనికిరాకుండా పోతుంటాయి. మొదట్లోనే తేదీ, చోటు, మాట్లాడేవాళ్ల పేరు, ఆమెకు ఏమవుతారో గొంతుతో చెప్పించండి. ఒక విడతలో 45 నిమిషాల నుంచి గంట వరకు చాలు. ఆపైన పెద్దవాళ్లు అలసిపోయి పొడిగా చెప్పడం మొదలుపెడతారు.

'ఆవిడ ఎలాంటి మనిషి?' అన్నది అడగకూడని మొదటి ప్రశ్న. దానికి జవాబు ఎప్పుడూ పొగడ్తే. దాని బదులు ఒక కాగితం మీద వాళ్ల పాత ఇంటి నేలపటం గీయమనండి: తలుపు ఎటు, పొయ్యి ఎక్కడ, ఎవరు ఎక్కడ పడుకునేవాళ్లు. గీస్తుండగా 'ఇక్కడ కూర్చుని తను...' అంటూ వాళ్లంతట వాళ్లే మొదలుపెడతారు. తర్వాత ఒక మామూలు రోజును గంట గంటకూ అడగండి. లేవగానే మొదట ఏం చేసేది? మధ్యాహ్నం ఒంటరిగా ఉండే వేళ ఎంతసేపు, అప్పుడేం చేసేది? బీరువా తాళం ఎక్కడ దాచేది? చిల్లర ఎక్కడ దాచుకునేది, ఎందుకోసం? కోపం వస్తే అరిచేదా, మాట్లాడ్డం మానేసేదా? ఎవరి మీద ఎక్కువ నమ్మకం? చదువు ఎక్కడ ఆగింది, ఎవరు ఆపారు? చెయ్యాలనుకుని చెయ్యలేకపోయింది ఏమిటి? ఈ చివరి ప్రశ్నకు చాలా ఇళ్లలో చాలాసేపు మౌనమే జవాబు. ఆ మౌనాన్ని మాటలతో నింపకండి. మనసులో పది లెక్కపెట్టుకోండి. అసలు సంగతి తరచూ ఆ తర్వాతే వస్తుంది.

ఆమె మాట తీరు కోసం ప్రత్యేకంగా ఒక పేజీ పెట్టుకోండి. ఊతపదాలు, సామెతలు, ముద్దు పేర్లు, తిట్లు, పిల్లల్ని నిద్రలేపే తీరు, ఫోనులో మొదట అనే మాట, చివర అనే మాట. వీటిని ఆమె యాసలోనే రాయాలి. 'ఒచ్చిండా' అన్న మనిషిని పుస్తకంలో 'వచ్చాడా' అనిపిస్తే ఆ ఇంట్లో ఎవరూ ఆమెను గుర్తుపట్టరు.

ఒక గంట రికార్డింగును అక్షరాల్లో పెట్టడానికి సుమారు నాలుగు గంటలు పడుతుంది, అలవాటు లేకపోతే ఇంకా ఎక్కువ. మాటను అక్షరంగా మార్చే యాప్‌లు తొలి ప్రతికి పనికొస్తాయి. కానీ పేర్లలో, యాసలో, ఒకరి మాట మీద ఒకరు పడినచోట తప్పుతాయి. కాబట్టి విని సరిచూడకుండా వాడకండి. అన్నిటినీ అక్షరం పొల్లుపోకుండా ఎత్తిరాయలేకపోతే ఏ నిమిషం దగ్గర ఏ సంగతి ఉందో ఒక పట్టిక రాసుకున్నా చాలు.

ఇద్దరు రెండు రకాలుగా చెప్తే తీర్పు చెప్పొద్దు. 'పెద్దమ్మాయికి గుర్తున్న ప్రకారం ఇలా, చిన్నబ్బాయి చెప్పేది ఇలా' అని రెండూ ఉంచండి. తేదీల విషయంలో మాత్రం కాగితాన్నే నమ్మాలి, ఆ కాగితాన్నైనా ఇంకో కాగితంతో పోల్చాకే. బడి రికార్డుల్లో పుట్టిన తేదీ ఒకటి, అసలు తేదీ ఇంకొకటి ఉండటం అరుదేమీ కాదు. ఒక కాగితం మీద సంవత్సరం, ఆమె వయసు, జరిగింది, ఎవరు చెప్పారు అని నాలుగు గళ్లు గీసి నింపుతూ రండి. వయసు గడి చాలా తప్పుల్ని పట్టిస్తుంది. రెండో బిడ్డ పుట్టిన ఏడు మొదటి బిడ్డ కంటే ముందొచ్చినా, పన్నెండేళ్లకే ఉద్యోగంలో చేరినట్టు తేలినా అక్కడే కనబడిపోతుంది. సంవత్సరం గుర్తులేనివాళ్లను 'అప్పటికి ఎవరు పుట్టారు, ఏ ఇంట్లో ఉన్నారు?' అని అడిగితే ఒకటి రెండేళ్ల తేడాలోకి వస్తారు.

ఫొటోలు, కాగితాలు, క్యాసెట్లు

ఆల్బంలోంచి ఫొటో తీసే ముందు ఆ పేజీని ఉన్నదున్నట్టు ఒక ఫొటో తీసుకోండి. ఆమె ఏ ఫొటో పక్కన ఏది పెట్టుకుందో కూడా ఒక సమాచారమే. జిగురు గీతల మీద పారదర్శక పొర కప్పే రకం ఆల్బంలలో ఫొటోలు కాలంతో అంటుకుపోతాయి. మైనం పూయని దంతాల దారాన్ని ఫొటో వెనకగా పోనిచ్చి రంపంలా మెల్లగా కదిపితే చాలావరకు ఊడుతుంది. ఊడకపోతే బలవంతం చెయ్యకుండా పేజీతో సహా స్కాన్ చెయ్యండి. అద్దానికి అంటుకుపోయిన ఫొటోను అసలు లాగకండి. పైపొర అద్దానికే ఉండిపోతుంది. అద్దం మీదుగానే స్కాన్ చేయించాలి.

స్కానింగుకు ఫ్లాట్‌బెడ్ స్కానరు (ఫొటోను అద్దం మీద బోర్లించే రకం) మేలు. మామూలు ఫొటోకు 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే లెక్క), పాస్‌పోర్టు సైజుకు 1200, ఫిల్ము నెగెటివుకు 2400 నుంచి 4000 పెట్టండి. 4×6 అంగుళాల ఫొటోను 600 దగ్గర స్కాన్ చేస్తే 2400×3600 పిక్సెళ్లు వస్తాయి. అచ్చుకు అంగుళానికి 300 కావాలి కాబట్టి దాన్ని 8×12 అంగుళాల దాకా పెంచి వేసుకోవచ్చు. నలుపు తెలుపు ఫొటోనైనా రంగులోనే స్కాన్ చెయ్యండి. మరక ఏది, నీడ ఏది అన్నది రంగులోనే తెలుస్తుంది. నాణ్యత తగ్గని టిఫ్ రకంలో దాచితే ఒక్కోటి సుమారు 26 ఎంబీ, మూడువందల ఫొటోలకు 8 జీబీ లోపు, అంతే. స్కానరులోని ఆటోమేటిక్ సవరణలు ఆపెయ్యండి. మెరుగులు తర్వాత కాపీ మీద దిద్దుకోవచ్చు. ఫొటో మీద దుమ్మును మెత్తని కుంచెతో దులపాలి, తడిగుడ్డ తగలనివ్వకూడదు. వెనక రాసిన రాత ఉంటే వెనకవైపునూ స్కాన్ చెయ్యాలి. అది ఆమె చేతిరాత కావచ్చు.

కృత్రిమ మేధతో ముఖాలకు రంగులద్దే, పదును పెట్టే యాప్‌లు ఇప్పుడు చేతికందుతున్నాయి. వాటిని అసలు ఫైలు మీద ఎప్పుడూ వాడకండి. మసకబారిన ముఖాన్ని అవి శుభ్రం చెయ్యవు, లేని వివరాన్ని ఊహించి పూరిస్తాయి. కన్ను కొంచెం మారినా ఆ ముఖం ఇంకెవరిదో అయిపోతుంది.

పేర్లు రాయడానికి ఫొటో వెనక బాల్‌పెన్ వాడితే నొక్కు ముందుకు తేలుతుంది, సిరా పక్క ఫొటోకు అంటుతుంది. పాత కాగితపు ఫొటోలకు మెత్తని పెన్సిలుతో అంచున రాయండి. ప్లాస్టిక్ పూత ఉన్న కొత్త ఫొటోల మీద పెన్సిలు నిలవదు కాబట్టి కవరు మీద రాసి అందులో పెట్టండి. కవర్లు పీవీసీవి కాకూడదు, అవి వదిలే వాయువులు ఫొటోను పాడుచేస్తాయి. పాలీప్రొపిలీన్, పాలిస్టర్ కవర్లు మంచివి. ఫొటోలో ఉన్నవాళ్లను 'ఎడమ నుంచి' అంటూ వరసగా రాయండి. పోల్చుకోలేని మనిషిని 'తెలియదు' అని రాసి వదలండి. ఊహించి రాసిన పేరు తర్వాతి తరానికి నిజమైపోతుంది.

కంప్యూటరులో ఫైలు పేరు సంవత్సరంతో మొదలవ్వాలి, తర్వాత నెల, తేదీ, ఆ తర్వాత ఒకటి రెండు మాటల్లో సందర్భం. తేదీ తెలియకపోతే సున్నాలు పెట్టండి. ఇలా చేస్తే ఫొటోలన్నీ వాటంతటవే ఆమె జీవిత క్రమంలో నిలబడతాయి.

పాత ఆడియో క్యాసెట్ దొరికితే వినే ముందే దాని వెనక అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ నాలుకల్ని విరిచెయ్యండి. అప్పుడు పొరపాటున రికార్డు బటన్ నొక్కినా గొంతు చెరగదు. తెల్లగా బూజు కనిపిస్తే ప్లేయరులో పెట్టకండి, తెలిసినవాళ్లకు ఇవ్వండి. లేకపోతే ఒకసారి పూర్తిగా ముందుకు, వెనక్కు తిప్పి, ప్లేయరు శబ్దం బయటికిచ్చే లైన్ అవుట్ నుంచి కంప్యూటరుకు కలిపి, కుదించని వేవ్ ఫైలుగా, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో తీసుకోండి. గంటకు స్టీరియోలో సుమారు ఒక జీబీ అవుతుంది.

అన్నిటికీ మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే ఊళ్లోనో క్లౌడ్‌లోనో ఉండాలి. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోకండి.

బట్టల విషయంలో ఒక మాట. ఆమె వాసన పోతుందని ఉతక్కుండా దాచుకోవాలనిపిస్తుంది. ఒక్కదాన్ని గాలి చొరని సంచిలో పెట్టుకోండి, కొంతకాలం ఉంటుంది, ఎల్లకాలం ఉండదు. మిగతావి ఉతికే దాచాలి. చెమట మిగిలిన బట్ట పసుపెక్కుతుంది, పురుగు పడుతుంది. పాత నూలు గుడ్డలో చుట్టి, ఆరునెలలకోసారి మడతలు మార్చండి. ఒకే మడతలో ఏళ్ల తరబడి ఉంటే పట్టు ఆ గీత దగ్గరే చిరుగుతుంది.

రాయడం

మొదట తేల్చుకోవలసింది పుస్తకంలో ఆమెను ఏమని పిలవాలన్నది. ఒకరికి అమ్మ, ఒకరికి అత్తయ్య, ఒకరికి పెద్దమ్మ, కూతురి పిల్లలకు అమ్మమ్మ, కొడుకు పిల్లలకు నాయనమ్మ. ప్రతి అధ్యాయం ఎవరు చెప్తున్నారో వాళ్ల వరసతో రాస్తే ఆ గొంతు నిలుస్తుంది. కలిపే వాక్యాల్లో మాత్రం ఆమె పేరే వాడండి. ముఖ్యంగా పెళ్లికి ముందు అధ్యాయాల్లో పదేళ్ల పిల్లను 'అమ్మమ్మ' అని రాస్తే ఆ పిల్ల కనబడదు. పుట్టింటి ఇంటిపేరు, తల్లిదండ్రుల పేర్లు తొలి పేజీల్లోనే రావాలి. రెండు తరాల తర్వాత వెతుక్కునేవాళ్లకు దొరకకుండా పోయేవి అవే.

పుట్టుక నుంచి మరణం దాకా వరసగా ఒకే కథగా రాయడం కొత్తవాళ్లకు కష్టం. పన్నెండు, పదిహేను చిన్న అధ్యాయాలు, ఒక్కోటి 250 నుంచి 400 మాటలు, ఒక్కోదాంట్లో ఒకే సంగతి పెట్టుకుంటే పని సాగుతుంది. రాశాక ప్రతి వాక్యంలో ఆమె పేరు తీసి పక్కింటావిడ పేరు పెట్టి చదవండి. ఇంకా నిజమనిపిస్తే ఆ వాక్యం కొట్టెయ్యాలి. 'పిల్లలంటే ప్రాణం పెట్టేది' అన్నది ఈ పరీక్షలో పోతుంది. 'ముగ్గురికీ ఒకేసారి జ్వరమొచ్చిన వారం ఆమె గదుల మధ్య గుమ్మం దగ్గర చాప వేసుకుంది. ఎవరు మూలిగినా వినబడే చోటు అదొక్కటే' అన్నది నిలుస్తుంది. దీంట్లో ప్రేమ అన్న మాట లేదు, అవసరమూ లేదు.

ఆమె కన్నీళ్లు, పోయిన బిడ్డ, ఇంట్లో పడిన మాటలు, ఎవరితోనో తెగిన బంధం వచ్చినప్పుడు బతికున్నవాళ్లకు ముందు చదివి వినిపించండి. వాళ్లు వద్దంటే అచ్చులో ఉండకూడదు, రికార్డింగులో ఉండొచ్చు. కానీ అందరూ ఒప్పుకున్న దుఃఖాన్ని పుస్తకం అందం కోసం తీసెయ్యడం ఆమెకు అన్యాయం. ఓర్చుకుందని పొగిడి, దేన్ని ఓర్చుకుందో దాచిపెడితే ఆ ఓర్పుకు అర్థం ఉండదు. 'తన కోసం ఏనాడూ ఏమీ కోరుకోలేదు' అన్న వాక్యం దగ్గర మరీ జాగ్రత్త పడాలి. చాలాసార్లు అది అబద్ధం. కోరుకుంది, ఎవరూ అడగలేదు. రికార్డింగుల్లో వెతికితే ఆ కోరిక ఎక్కడో ఒకచోట దొరుకుతుంది.

సంతాప సభలో చదివే మాటలకు ఇందులోంచే రెండు సంఘటనలు తీసుకోండి. గట్టిగా చదివి గడియారం చూసుకోండి, ఐదు నిమిషాలు దాటకూడదు. పెద్ద అక్షరాల్లో, వరసల మధ్య ఖాళీ వదిలి అచ్చు తీసి, ఒక ప్రతి ఇంకొకరి చేతిలో ఉంచండి. గొంతు పూడుకుపోతే వాళ్లు అందుకుంటారు.

అచ్చుకు ముందు

టైపు యూనికోడ్‌లోనే (ఏ ఫోనులోనైనా, కంప్యూటరులోనైనా చదవగలిగే అక్షర పద్ధతి) చెయ్యాలి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు, ఆ ఫాంటు లేని చోట పిచ్చి గీతలుగా మారిపోతుంది. పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల అమరిక ఎంచుకోకపోతే వత్తులు విడిపోతాయి. 'స్త్రీ', 'క్ష్మ', 'ర్య' లాంటి అక్షరాలున్న మాటలు వెతికి చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది. అక్షరం సైజు 13, 14 పాయింట్ల కంటే తగ్గించకండి. దీన్ని మొదట చదివేది ఆమె వయసువాళ్లు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకమైతే పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి. 64 పేజీలు దాటితే వెన్ను అతికించే బైండింగు మేలు, అప్పుడు లోపలి అంచున 20 మిల్లీమీటర్లు వదలండి. కాగితం ఆమ్లరహితమైనది అడగండి.

కుటుంబ వృక్షాన్ని ముందు గీసి, దానితో పేర్ల జాబితాను సరిపోల్చండి. ఇలాంటి పుస్తకాల్లో ఎక్కువగా జరిగే, ఎక్కువగా నొప్పించే తప్పు ఒక మనవడి పేరో, ఒక కోడలి పేరో జారిపోవడం. ఒక్క ప్రతి మాత్రమే ముందు అచ్చు తీయించి, ముగ్గురు వేరు వేరు వయసులవాళ్లకు చదవనివ్వండి. ఇంటర్నెట్‌లో పెట్టే ప్రతిలోంచి పూర్తి పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, బతికున్నవాళ్ల తల్లి పుట్టింటి పేరు తీసెయ్యాలి. చాలాచోట్ల బ్యాంకులు మనిషిని గుర్తించడానికి అడిగే ప్రశ్నలు అవే.

చివర నాలుగు ఖాళీ పేజీలు గీతలతో వదలండి. పుస్తకం చేతికందాకే చాలామందికి అసలు సంగతులు గుర్తొస్తాయి. 'ఆ ఫొటోలో మూడో మనిషి నేనే' అంటూ ఎవరో ఒకరు ఫోను చేస్తారు. అవన్నీ తేదీతో రాసుకుని, ఏడాది తిరిగాక మూల ఫైలులో చేర్చండి. ఆ ఫైలు, తాళం మాటలు (పాస్‌వర్డ్‌లు), కాపీలున్న చోట్లు ఇద్దరికి తెలిసుండాలి. ఆ ఇద్దరిలో ఒకరు మనవల తరంవాళ్లై ఉండాలి.